గుర్రం మీద నల్లజాతి రౌతు పోర్ట్రెయిట్: ముఖం బూడిద కొడుతోంది, చెయ్యి జూలులో కలిసిపోతోంది

కుంచెమొన:

ఆయిల్‌లో వేస్తున్నాను. కాన్వాస్ 36×48 అంగుళాలు, నిలువుగా. ఉత్తర ఫిలడెల్ఫియాలో ఫ్లెచర్ స్ట్రీట్ వైపు సవారీ చేసే ఒక ఆఫ్రికన్ అమెరికన్ రౌతు, ముప్ఫై ఏళ్లలోపు మనిషి. అక్కడుండే బంధువు ఆయన్ని అడిగి, పెయింటింగ్ కోసమేనని చెప్పి తీసిన ఫొటోలు. బాగా నలుపు ఛాయ, తెల్ల టీషర్ట్, బేస్‌బాల్ టోపీ, జీన్స్. గుర్రం బే రంగు (ఎర్రగోధుమ), జూలు నలుపు. వెస్టర్న్ జీను. వెలుగు సాయంత్రం ఐదున్నర ప్రాంతానిది, ఎడమ పక్కనుంచి పడుతోంది.

ఆగిపోయిన చోట్లు ఇవి. ముఖానికి బర్న్ట్ అంబర్‌లో టైటానియం వైట్ కలుపుతూ వెలుగు తెస్తుంటే విభూతి రాసినట్టు అవుతోంది. తెలుపు తగ్గిస్తే ముఖం బొగ్గుముద్దలా చదునుగా ఉంటోంది. పగ్గం పట్టుకున్న చెయ్యి జూలు మీద పడేసరికి ఏది చెయ్యో ఏది జూలో తెలియట్లేదు. ముదురు భాగాలు తడిగా ఉన్నప్పుడు నిండుగా ఉండి, రెండు రోజులకి ఆరాక వెలిసిపోయి మచ్చలుగా కనిపిస్తున్నాయి. మొత్తం గుర్రాన్ని పక్కనుంచి పెడదామంటే తోకో ముక్కో అంచు దాటిపోతోంది. బ్యాక్‌గ్రౌండ్ కూడా తేలలేదు. ఇప్పటి ఆఫ్రికన్ అమెరికన్ చిత్రకారులు కెహిండే వైలీలా పూలడిజైనా, ఏమీ షెరాల్డ్‌లా ఒకే చదును రంగా?

నూనెరంగు:

తేడా ముఖంలో లేదు, టీషర్ట్‌లో ఉంది. తెల్లబట్ట పక్కన ముఖం మరీ నల్లగా అనిపించి చెయ్యి దానంతటదే తెలుపు వైపు పోతుంది. ఫొటోని ఒకసారి బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. ఒకటి కారునలుపు, పది తెల్లకాగితం అనుకుంటే, ఈ వెలుగులో ఆయన ముఖం నీడ భాగం 1 నుంచి 2, మధ్యస్థం 3, వెలుగు పడిన చెంప 4, మహా అయితే 5. టీషర్ట్ వెలుగులో 9, నీడలో 6. అంటే బట్ట మీది నీడ కూడా ముఖం మీది వెలుగు కంటే తేటగా ఉంటుంది. ఈ వరస తప్పనివ్వకపోతే ముఖం ఎంత ముదురుగా ఉన్నా వెలుగులో ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే టీషర్ట్ ముందు వేసి, దాన్ని పక్కన పెట్టుకుని ముఖం వెయ్యండి.

ఇక రంగు. టైటానియం వైట్ చల్లని రంగు, పైగా కింద ఉన్నదాన్ని పూర్తిగా కప్పేస్తుంది. అంబర్ అసలే మందకొడి గోధుమరంగు. రెండూ కలిస్తే సిమెంటు వస్తుంది. ముఖాన్ని తేట చెయ్యాల్సింది తెలుపుతో కాదు, వేడి రంగులతో. పాలెట్ మీద ఈ లెక్కన ముద్దలు పెట్టుకోండి.

నీడకి బర్న్ట్ అంబర్ రెండు వంతులు, అల్ట్రామెరీన్ (ముదురు నీలం) ఒక వంతు, పర్మనెంట్ అలిజరిన్ (ముదురు ఎరుపు) పావు వంతు. మధ్యస్థానికి బర్న్ట్ సియెన్నా (ఎర్రగోధుమ) రెండు వంతులు, అంబర్ ఒకటి, ఎల్లో ఆకర్ (మట్టి పసుపు) అర. వెలుగుకి ఆ మధ్యస్థం ముద్దలోంచే సగం తీసి ఎల్లో ఆకర్ ఒక వంతు, కాడ్మియం ఆరెంజ్ పావు వంతు కలపండి. తెలుపు ఇక్కడే మొదటిసారి, ముద్ద మొత్తంలో పదో వంతుకి మించకుండా. ముద్ద నారింజ వైపు మరీ పరిగెడితే చిటికెడు అల్ట్రామెరీన్ చాలు, అణుగుతుంది.

నీడ ముద్దని పల్చగా లాగి చూస్తే వంగపండు రంగు లీలగా కనబడాలి. ఆకుపచ్చ కొడితే అలిజరిన్ తక్కువైందన్నమాట.

అసలు కిటుకు మెరుపులో ఉంది. నేరేడు పండు చూడండి. పండు నల్లగానే ఉంటుంది, మీద కిటికీ తెల్లగా పడుతుంది. నల్లని చర్మం లోపలికి వెళ్లిన వెలుగుని ఎక్కువ తాగేస్తుంది, కానీ చర్మం పైనున్న జిడ్డుపొర వెనక్కి కొట్టే వెలుగు అందరికీ ఇంచుమించు ఒకటే. చుట్టూ ముదురు కాబట్టి ఆ మెరుపు గట్టిగా కనబడుతుంది. కాబట్టి చెంప మొత్తం తేట చెయ్యకండి. చెంప ముదురుగానే ఉంచి మెరుపు చిన్నదిగా, ఒక పక్క అంచు పదునుగా పెట్టండి. ముఖం నాలుగు అంగుళాలుంటే అన్నిటికంటే పెద్ద మెరుపు బియ్యపుగింజ కంటే పెద్దది కాకూడదు. చోట్లు కూడా నాలుగైదే: చెంప ఎముక, ముక్కు దూలం, ముక్కు కొన, కింది పెదవి, కనుబొమ్మ పైన టోపీ నీడ దాటిన చోటు. ఎడమ వైపువి సాయంత్రపు ఎండవి, తెలుపులో కొంచెం ఆకర్. ఆకాశం వైపు తిరిగినవి, అంటే భుజం పైభాగం, ముంజేయి పైభాగం, తెలుపులో అల్ట్రామెరీన్ చుక్క. ఎండ మెరుపు, ఆకాశం మెరుపు ఒకే ముద్దతో వేస్తే మనిషికి ప్లాస్టిక్ తొడిగినట్టు ఉంటుంది.

ఇంకా కొన్ని. దవడ కింద టీషర్ట్ వెలుగు తిరిగి కొడుతుంది, అక్కడ నల్లగా పూసెయ్యకుండా మధ్యస్థంలో ఆకర్ కలిపినది పల్చగా తిప్పండి. చెవి అంచు వెనకనుంచి వెలుగొస్తే ఎర్రగా ఉంటుంది, సియెన్నాలో అలిజరిన్. కంటి తెలుపు తెలుపు కాదు, టోపీ నీడలో అది 4 లేదా 5 దగ్గరి బూడిదరంగు. అక్కడ ట్యూబులోని తెలుపు పెడితే బొమ్మ కళ్లవుతాయి. అరచెయ్యి వెలుపలి చెయ్యి కంటే తేటగా, గులాబీ కలిసిన గోధుమలో ఉంటుంది. ఆ రెండు రంగులు కలిసే గీత వేళ్ల పక్కల మీద నడుస్తుంది, దాన్ని మెత్తగా వదలండి. ఫేడ్ కటింగ్ అయితే కణత దగ్గర జుట్టుకి గీత గియ్యకుండా ఎండు కుంచెతో చర్మంలోకి తుడిచెయ్యండి.

ఫ్లెష్ టింట్ అని అమ్మే ట్యూబ్ జోలికి అసలు పోకండి. ఎవరి చర్మం చూసి ఆ పేరు పెట్టారో గానీ మన ఊళ్లో చామనఛాయ ముఖానికి కూడా అది పనికిరాదు.

వెలిసిపోవడం మాట. అంబర్ నూనె ఎక్కువ తాగే రంగు, అందులో మాంగనీస్ ఉండటంతో తొందరగా ఆరుతుంది. కింద కాన్వాస్‌కి ముందుగా పూసే అక్రిలిక్ జెస్సో పీల్చే రకమైతే నూనె కిందికి దిగి పైన పొడి మిగులుతుంది. టర్పెంటైన్‌తో పల్చన చేసిన కొద్దీ ఎక్కువవుతుంది. రంగు పోలేదు, మెరుగు పోయింది, అంతే. ముట్టుకుంటే అంటనంత ఆరాక స్టాండ్ ఆయిల్ (చిక్కబరిచిన లిన్సీడ్ నూనె) ఒక వంతు, వాసన లేని మినరల్ స్పిరిట్ రెండు వంతులు కలిపి మెత్తటి నూలుగుడ్డతో ఆ మచ్చల మీద రాసి, పది నిమిషాలాగి పొడిగుడ్డతో తుడిచెయ్యండి. మిగిలితే జిగటగా ఉండి దుమ్ము పడుతుంది, తర్వాత పసుపెక్కుతుంది. ప్రతి సిట్టింగ్‌కి ముందూ ఇది చేస్తే గానీ కొత్త రంగు పాత రంగుతో సరిపోతోందో లేదో తెలియదు. సగం మంది ముఖాన్ని మళ్లీ మళ్లీ వెయ్యడానికి కారణం ఈ మెరుగు పోయిన మచ్చల్ని తప్పు రంగనుకోవడమే. ఆ గుడ్డలు నీళ్లలో తడిపి పారెయ్యండి, ఉండచుట్టి మూలన పెడితే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి.

జీనురికాబు:

ముఖం సంగతి పైన అయిపోయింది, నేను గుర్రం దగ్గరికి వస్తాను.

తోక ఎందుకు బయటికి పోతోందో లెక్క చూస్తే తెలుస్తుంది. మామూలు క్వార్టర్ హార్స్ (అమెరికా సవారీ గుర్రం జాతి) మూపు దగ్గర 15 హ్యాండ్లు ఉంటుందనుకుందాం. హ్యాండ్ అంటే 4 అంగుళాలు, కాబట్టి 60. జీను మీద కూర్చున్న మనిషి మొండెం, తల ఇంకో 36, జీను మందం, టోపీ కలుపుకుంటే నేలనుంచి దాదాపు 102 అంగుళాలు. మీ కాన్వాస్‌లో పైనా కిందా మూడేసి అంగుళాలు వదిలితే 42 మిగులుతుంది. అంటే అసలు కొలతలో నూటికి 41 వంతులు. ముక్కునుంచి తోక దాకా గుర్రం 96 అంగుళాలు, మీ కాన్వాస్ మీద అది 39 పైన. వెడల్పు 36. పట్టదు! పట్టించాలని గుర్రాన్ని కుదిస్తే గాడిదవుతుంది. పైగా ఈ కొలతలో మనిషి తల 3.7 అంగుళాలే. పోర్ట్రెయిట్ అనుకుని మొదలుపెట్టి గుర్రం బొమ్మ వేసినట్టు.

దారులు రెండు. గుర్రాన్ని ముప్పాతిక మలుపులో, ఛాతీ మనవైపు వచ్చేలా నిలబెట్టడం. లేదా కోసెయ్యడం. నన్నడిగితే కొయ్యండి. కింద గుర్రం మోచేతి (ముందుకాలు ఛాతీని కలిసే చోటు) దాకా, ఒక పక్క మెడ, చెవులు, ఇంకో పక్క జీను వెనక అంచు వరకు ఉంచితే మనిషి తల ఆరు అంగుళాల దాకా వస్తుంది. రికాబు మాత్రం సగంలో కొయ్యకండి. పాదం పూర్తిగా కనబడాలి, లేదా పిక్క దగ్గరే ఆగాలి. చీలమండ దగ్గర కోసినా, గుర్రం మోకాలి కీలు మీదే కోసినా కాలు తెగినట్టుంటుంది.

మొత్తం గుర్రం వేసేవాళ్లకి ఒక కొలబద్ద: గుర్రం తల పొడవు. మూపు ఎత్తు రెండున్నర తలలు, భుజం ముందు మొననుంచి పిర్ర వెనక మొన దాకా కూడా రెండున్నర. దాదాపు చతురస్రం. ముందుకాలి మోకాలు అని మనం అనేది నిజానికి మణికట్టు, అది వెనక్కే మడుస్తుంది. వెనక్కాలి మధ్యలో పొడుచుకొచ్చే హాక్ కీలు మన మడమ. అసలు మోకాలు పైన పొట్ట అంచు దగ్గర ఉంటుంది. హాక్‌ని మోకాలనుకుని వేస్తే వెనక్కాళ్లు మనిషి కాళ్లలా వస్తాయి, ఎక్కువగా జరిగే తప్పిదే. పరుగులో నాలుగు కాళ్లూ గాల్లో ఉండే క్షణం కాళ్లు చాచినప్పుడు కాదు, పొట్ట కింద ముడుచుకున్నప్పుడు. 1878లో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ పరిగెత్తే గుర్రం ఫొటోలు తీసేదాకా పెద్దపెద్ద చిత్రకారులు కూడా దాన్ని తిరగేసి వేశారు.

ఫొటో విషయం కూడా చెప్పాలి. ఫోన్ మామూలు లెన్స్‌తో రెండు మీటర్ల దూరంనుంచి తీస్తే గుర్రం తల పీపాలా, వెనకభాగం మేకలా వస్తుంది. మీ ఫొటోలు అలాంటివైతే వాటిని గీత గీతకీ నమ్మకండి. ఎనిమిది, పది మీటర్లు వెనక్కి జరిగి 85 మిల్లీమీటర్లకి పైన ఉన్న లెన్స్‌తో, లేదా ఫోన్‌లో మూడు రెట్ల లెన్స్‌తో, కెమెరా గుర్రం మోచేతి ఎత్తులో పెట్టి మళ్లీ తియ్యమనండి. ఎక్స్‌పోజర్ ముఖం మీద నొక్కి పట్టాలి, ఆకాశం మీద కాదు. ఆకాశం తెల్లగా కాలిపోయినా నష్టం లేదు. ముఖంలో వివరం పోతే మళ్లీ రాదు.

జీను వివరాల్లో సవారీ తెలిసినవాళ్లు ఒక్క చూపులో పట్టేసేవి కొన్ని ఉన్నాయి. సించ్, అంటే పొట్ట కింద బిగించే వెడల్పు పట్టీ, ముందుకాలి మోచేతికి బెత్తెడు వెనక ఉండాలి. పొట్ట మధ్యలో వేస్తే జీను జారిపోయేట్టుంటుంది. వెస్టర్న్ రికాబు తోలుపట్టీకి కాదు, ఫెండర్ అనే వెడల్పాటి తోలుపలకకి వేలాడుతుంది. కాలు దాదాపు చాచి, మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉంటుంది. చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో పడితే మనిషి నిజంగా కూర్చున్నట్టు. మడమ కాలివేళ్ల కంటే కిందికి. పగ్గాలు రెండూ ఒకే చేతిలో, ఎక్కువగా ఎడమ చేతిలో, జీను ముందున్న హార్న్‌కి కాస్త పైన. కర్బ్ కళ్లెం అయితే పగ్గం పొడుగు కమ్మీ కింది కొసకి కడతారు, నోటి పక్క రింగుకి కాదు. మీ ఫొటోలో ఏముందో పెద్దది చేసి చూసి అదే వెయ్యండి. బొమ్మలో అందం కోసం మార్చకండి.

చెయ్యి జూలులో కలవడం. బే గుర్రానికి జూలు, తోక, కాళ్ల కింది భాగం నలుపు, అది మార్చలేరు. కానీ జూలు మెరుపు, చర్మం మెరుపు ఒకటి కాదు. వెంట్రుకల మీద మెరుపు కుచ్చుకి అడ్డంగా, వెడల్పు పట్టీలా పడుతుంది, నీలం వైపు ఉంటుంది. వేలి కణుపు మీద మెరుపు చుక్కలా, వేడిగా ఉంటుంది. జూలుకి అల్ట్రామెరీన్ రెండు, అంబర్ ఒకటి కలిపి చల్లగా ఉంచండి. చేతికి సియెన్నా వైపు జరగండి. చీకట్లో ఉన్న వేళ్ల అంచు పోనివ్వండి. ఎండ వైపు కణుపులు మూడు, బొటనవేలి గోరు, పగ్గం తోలు అంచు పదునుగా ఉంటే కన్ను మిగతా చెయ్యిని అదే పూర్తి చేసుకుంటుంది. అన్ని వేళ్లకీ చుట్టూ తేటగీత గియ్యడం మాత్రం వద్దు, అది కాలెండర్ బొమ్మ పద్ధతి.

పాతగోడ:

బ్యాక్‌గ్రౌండ్ ప్రశ్న కుంచె ప్రశ్న కాదు, ఏం చెప్పదలిచారన్న ప్రశ్న. వైలీ, షెరాల్డ్ ఇద్దరూ ఆ పనులు ఎందుకు చేశారో తెలిస్తే మీకు ఏది కావాలో తేలుతుంది.

వైలీ 2005లో వేసిన నెపోలియన్ బొమ్మ బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది, తొమ్మిది అడుగులకి తొమ్మిది అడుగులు. ఫ్రెంచి చిత్రకారుడు డావిడ్ 1801లో వేసిన, ఆల్ప్స్ దాటే నెపోలియన్‌ని తీసుకుని, ఆ స్థానంలో ఇప్పటి నల్లజాతి యువకుణ్ని పెట్టాడు. మిలిటరీ మచ్చల బట్టలు, తలకి గుడ్డ, కాళ్లకి టింబర్‌ల్యాండ్ బూట్లు. డావిడ్ రాళ్ల మీద బోనపార్ట్, హానిబల్, షార్లమేన్ పేర్లు రాస్తే వైలీ తన మోడల్ ఇంటిపేరు కూడా చేర్చాడు. కొండల బదులు ఎర్రటి, బంగారు డిజైన్. ఆ డిజైన్ అలంకారం కోసం కాదు. పాత రాజచిత్రాల్లో వెనకున్న భూమి ‘ఇదంతా నాది’ అని చెప్పడానికి. భూమి తీసేసి గోడగుడ్డ పెడితే ఆ అధికారం నాటకమని బయటపడుతుంది. కాబట్టి పూలడిజైన్ కావాలంటే భంగిమ కూడా పాత రాజచిత్రంలోంచి రావాలి. సాయంత్రం వీధిలో మామూలుగా గుర్రమెక్కిన మనిషి వెనక డమాస్క్ డిజైన్ పెడితే పెళ్లి స్టేజీ అవుతుంది.

షెరాల్డ్ దారి వేరు. 2018లో వేసిన మిషెల్ ఒబామా పోర్ట్రెయిట్ అందరికీ తెలుసు. చర్మం అంతా బూడిదరంగులో ఉంటుంది, నలుపులో నేపుల్స్ ఎల్లో (లేత పసుపు) కలిపి చేస్తుంది. బట్టలు, బ్యాక్‌గ్రౌండ్ మాత్రం పూర్తి రంగులో. చూసేవాళ్లు ఒంటిరంగు దగ్గర ఆగిపోకుండా మనిషి దాకా రావాలని ఆ పని. 2017 బొమ్మ ఒకటుంది, కౌబాయ్ టోపీ, అమెరికా జెండా చారల చొక్కా, పెద్ద బకిల్. గుర్రం లేదు, పొలం లేదు, చదును రంగు ముందు ఒక మనిషి. అమెరికా కౌబాయ్ అనగానే తెల్లముఖం గుర్తొచ్చే అలవాటుని అదొక్కటే నిలదీస్తుంది. చరిత్రకారుల అంచనాలో పశ్చిమాన పనిచేసిన కౌబాయ్‌లలో నలుగురిలో ఒకరు నల్లవాళ్లు. అమెరికాలో పేరున్న గుర్రప్పందెం కెంటకీ డెర్బీ మొదటిసారి జరిగిన 1875లో, పదిహేను మంది జాకీల్లో పదముగ్గురు నల్లవాళ్లే. నల్లజాతి జాకీ ఐజాక్ మర్ఫీ ఆ పందెం మూడుసార్లు గెలిచాడు. 1902లో జిమ్మీ వింక్‌ఫీల్డ్ తర్వాత నల్లజాతి జాకీ ఎవరూ గెలవలేదు. గెలిచే సత్తా పోయి కాదు, పందాలనుంచే వాళ్లని గెంటేశారు.

అందుకే మీ రౌతుకి టోపీ మార్చకండి. ఎవరో ఒకరు ‘కౌబాయ్ టోపీ పెడితే బాగుంటుంది కదా’ అంటారు. ఉత్తర ఫిలడెల్ఫియాలో, కాలిఫోర్నియా కాంప్టన్‌లో రిచ్‌లాండ్ ఫామ్స్ దగ్గర గుర్రాలు తోలేవాళ్లు బేస్‌బాల్ టోపీ, హూడీ, స్నీకర్లతోనే ఎక్కుతారు. ఇళ్ల మధ్య, కార్ల పక్కన గుర్రం ఉండటమే అక్కడి విషయం. టెక్సస్ వేషం వేస్తే ఆ ఊరు చచ్చిపోతుంది. బిల్ పికెట్ ఇన్విటేషనల్ రోడియో (కౌబాయ్ ఆటల పోటీ) లాంటిది వేస్తుంటే అప్పుడు కౌబాయ్ టోపీ, పొడుగు చేతుల చొక్కా సహజం. 1984లో మొదలైన నల్లజాతి రోడియో అది, ఎద్దు కొమ్ములు పట్టి పడగొట్టే బుల్‌డాగింగ్ ఆట తెచ్చిన పికెట్ పేరు మీద నడుస్తోంది.

నా లెక్కన మీ ఫొటోకి మూడో దారి నయం: వెనక ఇటుక ఇళ్ల వరసని నిజంగా ఉంచి, వివరాలు తీసేసి, రెండు మూడు చదును రంగుల్లోకి దించడం. ఇటుక ఎరుపు బే గుర్రంతో కలుస్తుంది కాబట్టి మసక ఆకుపచ్చ-బూడిద వైపు లాగండి. రౌతు తల వెనక పడే భాగం 6 లేదా 7 తేటలో ఉంటే ముఖం అంచు దానంతటదే విడిపోతుంది.

పక్కమాట ఒకటి. హైదరాబాద్‌లో మాసబ్‌ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ అనగానే చాలామంది ఏసీ మెషీన్ అనుకుంటారు. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం గుర్రపుదళంలోని సిద్దీ (ఆఫ్రికా మూలాలున్న) రౌతులు ఉన్న చోటు. గుర్రం మీద నల్లమనిషి బొమ్మ మనకి మరీ పరాయిది కాదు. బిజాపూర్ సుల్తాను దగ్గర మంత్రిగా ఉన్న ఆఫ్రికా మూలాల ఇఖ్లాస్ ఖాన్‌ని దక్కనీ చిత్రకారులు వేసిన తీరు చూడండి. చర్మానికి తెలుపు కలపలేదు, నిండు ముదురు రంగు పెట్టి పక్కన జరీ పసుపు పెట్టారు.

గీతలబడి:

నూనెరంగు గారు, మీ నీడల్లో నలుపు ట్యూబే లేదేంటండీ? నల్ల చర్మానికి నలుపు వాడకూడదన్న సూత్రం ఎప్పటిదో. అమెరికా చిత్రకారుడు కెర్రీ జేమ్స్ మార్షల్ బొమ్మల్లో మనుషులు నలుపుతోనే ఉంటారు కదా.

నూనెరంగు:

సూత్రం కాదండి. కుంచెమొన గారు ఎండలో కూర్చున్న ఒక మనిషి పోలిక పట్టాలనుకుంటున్నారు, అందుకే వదిలేశాను. మార్షల్ చేసేది వేరే. ఆయన ఎక్కువగా అక్రిలిక్‌లో వేస్తాడు. ఐవరీ బ్లాక్, కార్బన్ బ్లాక్, మార్స్ బ్లాక్ అని మూడు నలుపులు తీసుకుని, వాటిలో కోబాల్ట్ బ్లూ, క్రోమ్ ఆక్సైడ్ గ్రీన్, డయాక్సజీన్ వయొలెట్ కలిపి వేడి నలుపులు, చల్లని నలుపులు తయారుచేసుకుంటాడు. అక్కడ నలుపంటే లేమి కాదు, రంగు. ఆ దారిలో పోవాలంటే మొత్తం బొమ్మ అలాగే పోవాలి. గుర్రం సహజంగా, ముఖం మాత్రం మార్షల్ నలుపులో అంటే ముఖం కత్తిరించి అతికించినట్టుంటుంది.

ఆయిల్‌లో నలుపు వాడితే రెండు జాగ్రత్తలు. ట్యూబ్ వెనక రంగుపొడి (పిగ్మెంట్) నంబర్ చూడండి: ఐవరీ పీబీకే 9, మార్స్ పీబీకే 11, కార్బన్ పీబీకే 7. కొంచెం తెలుపు కలిపి పక్కపక్కన గీస్తే మార్స్ గోధుమ వైపు, కార్బన్ నీలం వైపు పోవడం కనబడుతుంది. గుర్రం జూలుకి కార్బన్, చర్మానికి మార్స్ అని విడగొడితే జీనురికాబు గారు చెప్పిన చెయ్యి-జూలు తంటా సగం తీరుతుంది. రెండోది, ఐవరీ బ్లాక్ చాలా నెమ్మదిగా ఆరుతుంది. దాన్ని మందంగా వేసి, అది ఆరకముందే పైన తొందరగా ఆరే అంబర్ పొర వేస్తే పైపొర బిగుసుకుని, కింది పొర ఇంకా కదులుతూ ఉండి, కొన్ని నెలలకి చెరువు నెర్రెల్లా పగుళ్లొస్తాయి. కింది పొరల్లో మార్స్ లేదా అంబర్, ఐవరీ చివర్లో పల్చగా.

కుంచెమొన:

కొయ్యడానికే నిర్ణయించాను, మోచేతి దగ్గర. టోపీ ముట్టుకోను. ఇటుకల వరసే ఉంచుతాను. ఒకటే మిగిలింది: ఇప్పటికే తెలుపు కలిపి వేసిన ముఖం ఆరిపోయింది. పోలిక మాత్రం బాగానే కుదిరింది. గీకెయ్యాలా?

నూనెరంగు:

పోలిక కుదిరిందంటే గీకకండి. నిజానికి కింద తేటగా ఉండటం ఇప్పుడు మీకే లాభం, పైన పారదర్శకమైన రంగు (గ్లేజ్) వేస్తే అందులోంచి వెలుగొస్తుంది. కనీసం రెండు వారాలు ఆరనిచ్చి, కుంచె గట్లు ఎత్తుగా ఉంటే 400 నంబర్ వాటర్‌పేపర్ తడిపి మెల్లగా రుద్దండి. మాస్క్ పెట్టుకోండి, తడిగుడ్డతో తుడవండి, కాడ్మియం పొడి పీల్చకూడదు. పూర్తిగా ఆరాక పైన చెప్పిన నూనె రాసి తుడిచి, ట్రాన్స్‌పరెంట్ ఆక్సైడ్ రెడ్ మూడు వంతులు, అలిజరిన్ ఒక వంతు, పల్చని మీడియంలో (రంగు పల్చన చేసే నూనెలో) కలిపి ముఖమంతా ఒక పొర లాగండి. వెంటనే పొడి వెడల్పు కుంచెతో చెంప, ముక్కు దూలం మీదనుంచి ఎత్తెయ్యండి. మొదటి పొరకి ఇటుకరంగు కొట్టి భయపెడుతుంది, కంగారు పడకండి. అది ఆరడానికి మూడు నాలుగు రోజులు. రెండో పొర నీడ వైపు మాత్రమే, అల్ట్రామెరీన్ కలిపి. రెండిటితో విభూతి పోతుంది. మూడో పొర అవసరమనిపిస్తే ఆగి టీషర్ట్ పక్కన పెట్టి తేట కొలవండి, చాలాసార్లు అక్కర్లేదు. మెరుపులు, కంటి తడి, కింది పెదవి, ఇవన్నీ గ్లేజ్ పూర్తిగా ఆరాకే. తడి గ్లేజ్ మీద తెలుపు పెడితే మళ్లీ మొదటికొస్తుంది.

జీనురికాబు:

ముఖం దించేలోపు గుర్రం మెడ ముట్టుకోకండి. ముఖం రెండు మెట్లు దిగితే మెడ మీది మెరుపు ఇప్పుడున్నదానికంటే తేటగా అనిపిస్తుంది, దాన్నీ అప్పుడే దించాలి.